చల్లారిన కాఫీని పొయ్యి మీద వేడి చేయడానికి ఏ కప్పు, ఏ గిన్నె?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. ఆ తర్వాత విజయనగరంలో మా వీధికి కరెంటు రావడానికి చాలా రోజులే పట్టింది. కొవ్వొత్తులు, అగ్గిపెట్టె పెట్టుకునే బల్లగా తప్ప మైక్రోవేవ్‌కి వేరే పని లేదు. పాలు దొరకడమే గొప్పగా ఉన్న ఆ రోజుల్లో ఒక పొద్దున్న కాఫీ కలుపుకుని, ఎవరో పిలిస్తే వీధిలోకెళ్లి వచ్చేసరికి చల్లారిపోయింది. పారబోయడానికి మనసొప్పలేదు. ఎప్పుడో బహుమతిగా వచ్చిన పింగాణీ మగ్గు అది, రాయిలా మందంగా ఉంటుంది. తిన్నగా చిన్న బర్నర్ మీద పెట్టేశాను. నిమిషం కాకుండానే టప్‌మంది. అడుగు బిళ్లలా ఊడిపోయి కాఫీ అంతా బర్నర్ చిల్లుల్లోకి దిగింది. అత్తయ్య వచ్చి చూసి, "ఏటమ్మా, కప్పుని పొయ్యెక్కించినావేటి?" అని మాత్రం అన్నారు. ఆ పూటంతా పిన్నీసుతో బర్నర్ చిల్లులు పొడుచుకుంటూ కూర్చున్నాను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస ప్రాంతంలో తీరం దాటినప్పుడు శ్రీకాకుళంలో చుట్టాలింట్లో ఇదే కథ. కరెంటు లేదు, పొయ్యి ఉంది, కాఫీ చల్లారింది. ఈసారి మాత్రం మగ్గు జోలికి పోలేదు. ఈ మధ్యకాలంలో నేను కొన్నవి, అడిగి తెచ్చి వాడి చూసినవి, వాడి పక్కన పడేసినవి కలిపి రాస్తున్నాను. మైక్రోవేవ్ లేనివాళ్లకి, ఉన్నా దాంట్లో కాఫీ రుచించనివాళ్లకి, అద్దె గదిలో ఒక్క స్టవ్‌తో సరిపెట్టుకునేవాళ్లకి పనికొస్తుంది.

## ముందు కాఫీ సంగతి

వేడి చేయడం వేరు, మరిగించడం వేరు. కాఫీ వాసన అంతా తొందరగా ఆవిరైపోయే సరుకు. మొదటిసారి కలిపినప్పుడే సగం పోతుంది, రెండోసారి మరిగిస్తే మిగిలింది కూడా పోయి చేదు, వగరు పైకి తేలతాయి. కాఫీలో ఉండే క్లోరోజెనిక్ ఆమ్లాలు వేడికి విడిపోయి క్వినిక్ ఆమ్లంలాంటివి పెరుగుతాయి, ఆ నాలుక పట్టేసే చేదులో వాటి వాటా ఉంది. పాలు కలిసిన కాఫీకి ఇంకో బాధ కూడా ఉంది. అడుగున పాలు అంటుకుని మాడతాయి, పైన మీగడ కడుతుంది, కన్ను తిప్పితే పొంగుతుంది.

కాబట్టి మనకి కావాల్సింది అంచు చుట్టూ చిన్న చిన్న బుడగలు కనబడేదాకా, అంటే తాగడానికి వీలైన దానికంటే కాస్త ఎక్కువ వేడి దాకా, మెల్లగా తీసుకెళ్లే పాత్ర. తాగేటప్పటి వేడి 60 నుంచి 65 డిగ్రీలుంటే చాలు.

ఇంకోమాట. పాలు కలిపిన కాఫీ బయట రెండు గంటలు దాటితే, మన మే నెల ఎండల్లో గంట దాటినా, వేడి చేసి తాగకండి. దానికి ఏ పాత్రా మందు కాదు.

## కొట్లో చూడాల్సినవి

అన్నిటికంటే ముందు అడుగు. గిన్నె అంచు నగిషీ, రంగు, మూత ఇవన్నీ తర్వాత. స్టెయిన్‌లెస్ స్టీలు వేడిని పక్కలకి పంచడంలో చాలా మందకొడి. అల్యూమినియం దానికంటే పది రెట్లకు పైగా, రాగి ఇరవై రెట్లకు పైగా, ఇత్తడి ఏడెనిమిది రెట్లు వేగంగా పంచుతాయి. పల్చటి స్టీలు గిన్నెలో మంట తగిలినచోటే కాలి, లోపల గుండ్రంగా గోధుమరంగు వలయం పడేది అందుకే. స్టీలే కొనాలనుకుంటే అడుగున రెండు స్టీలు రేకుల మధ్య అల్యూమినియం పలక పెట్టినది చూడండి. కొట్లలో "సాండ్‌విచ్ బాటమ్" అంటారు. గిన్నె మొత్తం అలా మూడు పొరలుగా ఉంటే "ట్రైప్లై".

రెండోది, పొయ్యి కాళ్ల మీద నిలబడుతుందా లేదా అన్నది. దీన్ని ఎవరూ పట్టించుకోరు, ఇంటికి తెచ్చాక బాధపడతారు. కాఫీ కప్పంత పాత్ర అడుగు ఏడెనిమిది సెంటీమీటర్లు మించదు. చాలా గ్యాస్ స్టవ్‌ల పెద్ద బర్నర్ మీద ఆ నాలుగు కాళ్ల మధ్య ఖాళీ అంతకంటే ఎక్కువే. గ్లాసు కాళ్ల సందులో దిగబడిపోతుంది, లేదా ఒక పక్కకి ఒరుగుతుంది. ఇంట్లో చిన్న బర్నర్ కాళ్ల మధ్య ఖాళీని దారంతో కొలిచి, ఆ దారం జేబులో వేసుకుని కొట్టుకి వెళ్లండి. నవ్వుతారు, నవ్వనివ్వండి. చిన్న పాత్రలు నిలబడడానికి కాళ్ల మీద పెట్టుకునే ఇనప జాలీ కూడా సామాన్ల కొట్లలో దొరుకుతుంది. గిన్నె కంటే ముందు అదే కొనడం మంచిది.

మూడోది, కాడ బరువు. చిన్న గిన్నెకి పొడుగాటి బేకలైట్ కాడ ఉంటే ఖాళీగా ఉన్నప్పుడు అది కాడ వైపు ఒరిగిపోతుంది. కొట్లో గిన్నెని బల్ల మీద ఖాళీగా పెట్టి చూడండి. తూలితే వద్దు.

పరిమాణం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కాఫీ పోసాక పాత్ర సగం నుంచి మూడింట రెండొంతులు నిండాలి. ఒక్కరి కాఫీకి 300 నుంచి 400 మిల్లీలీటర్ల పాత్ర సరిపోతుంది. లీటరు గిన్నెలో ఒక్క కప్పు కాఫీ పోస్తే పల్చగా పరుచుకుని, మీరు చెంచా వెతికేలోపే మాడుతుంది.

ఇక ముక్కు. వంపేటప్పుడు కారకుండా ఉండే చిన్న ముక్కు అంచుకి ఉండాలి. వీలైతే కొట్లోనే నీళ్లు పోయించుకుని వంపి చూడండి.

## కాడ ఉన్న చిన్న స్టీలు గిన్నె

నా ఓటు దీనికే, దాచేదేం లేదు. గంటస్తంభం దగ్గర సామాన్ల కొట్లలో టీ పాన్, సాస్‌పాన్, పాల గిన్నె అని ఏ పేరుతో అడిగినా చూపిస్తారు. నేను కొన్నది అరలీటరుది, అడుగు మందం. రోజూ రెండు మూడుసార్లు పొయ్యెక్కుతుంది. కాడ కాలదు, ముక్కు కారదు, సందులో దిగబడదు.

స్టీలు నాణ్యత గురించి ఒక గందరగోళం ఉంది. కొట్టతను అయస్కాంతం తెచ్చి, "సూడండమ్మా, అంటట్లేదు, అసలైన స్టీలిది" అన్నాడు. అది సగమే నిజం. 304 రకం అంటే 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్న మంచి స్టీలు అయస్కాంతానికి అంటదు. కానీ నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన చౌకరకం 202 కూడా అంటదు. అంటే అయస్కాంతంతో మంచీ చెడూ తేలదు. మరి దేనికి పనికొస్తుందంటే, ఇండక్షన్ మీద పనిచేస్తుందో లేదో చెప్పడానికి. అడుగుకి అయస్కాంతం గట్టిగా అంటితే ఇండక్షన్‌కి పనికొస్తుంది, అంటకపోతే గ్యాస్‌కే. నాణ్యత కోసమైతే గిన్నె మీద 304 అనో 18/8 అనో ఉందా, ఐఎస్ఐ గుర్తు ఉందా చూడండి. స్టీలు, అల్యూమినియం వంటపాత్రలకి ఆ గుర్తు తప్పనిసరి చేస్తూ 2024లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. స్టీలు పాత్రల ప్రమాణం నంబరు 14756.

దీనిలో లోటు లేదా అంటే ఉంది. మందపాటి అడుగు వేడిని పట్టుకుని కూర్చుంటుంది. మంట ఆపేసినా అడుగు కాసేపు కాగుతూనే ఉంటుంది కాబట్టి మొదటి బుడగ కనిపించగానే ఆపేసి వెంటనే వంపేయాలి. ఇంకోటి, కాఫీ తాగడానికి మళ్లీ గ్లాసో కప్పో కావాలి. అంటే తోమడానికి రెండు సామాన్లు. ఒంటరిగా ఉండేవాళ్లకి ఇదే పెద్ద అభ్యంతరం.

## స్టీలు గ్లాసు తిన్నగా మంట మీద

మామయ్య పద్ధతి ఇదే. గ్లాసు చిన్న బర్నర్ మీద పెట్టడం, పటకారుతో దించడం, తువ్వాలు కొసతో పట్టుకుని ఊదుకుంటూ తాగడం. నలభై ఏళ్లుగా ఏం కాలేదంటారు. ఏం కాలేదన్నది నిజమే కానీ ఆయన గ్లాసు అడుగు నీలం, ఊదా రంగులు తిరిగి కొద్దిగా ఉబ్బింది, పై పెదవి మీద నెలకోసారి చురక తప్పదు. మంట పక్కలకి ఎగబాకి అంచు కాలుతుంది, లోపల కాఫీ మాత్రం గోరువెచ్చగానే ఉంటుంది. పాల కాఫీ అయితే అడుగున మాడు ఖాయం.

గ్లాసు తప్ప గతి లేదనుకుంటే జాలీ వేసి, మంట సన్నగా పెట్టి, చెంచాతో తిప్పుతూ ఉండండి. వేడెక్కాక వేరే గ్లాసులోకి వంచుకోండి. ఎలాగూ రెండు గ్లాసులు తోమాలి కదా అంటే, అవును, అందుకే గిన్నె కొనుక్కోమంటున్నాను.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటం లేదు. రెండు గోడల స్టీలు కప్పుల్ని, ఫ్లాస్కుల్ని పొరపాటున కూడా మంట మీద పెట్టకండి. గోడల మధ్య మూసేసిన ఖాళీ ఉంటుంది. అందులో గాలి ఉంటే వేడికి వ్యాకోచించి పేలే ప్రమాదం ఉంది. చూడ్డానికి మామూలు స్టీలు గ్లాసులాగే ఉంటాయి కాబట్టి ఇంట్లో పిల్లలకి, పని చేయడానికి వచ్చే అమ్మాయికి కూడా చెప్పి ఉంచండి.

## ఇత్తడి

శ్రీకాకుళం జిల్లావాళ్లం ఇత్తడి మాట ఎత్తకుండా ఉండలేం. సరవకోట మండలం బుడితి కంచు, ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. చేతిలో పట్టుకుంటే ఆ బరువే వేరు. వేడిని సమంగా పంచుతుంది, కాఫీ అడుగంటదు. అమ్మమ్మగారింట్లో కుంపటి మీద ఇత్తడి చెంబులో వేడిచేసిన కాఫీ తాగినవాళ్లు స్టీలు గిన్నెలో కాఫీని కాఫీ అనే ఒప్పుకోరు.

కానీ కొనేముందు ఒకటి ఆలోచించండి. కాఫీకి పులుపు గుణం ఉంది. తాగితే తెలియకపోయినా ఇత్తడికి తెలుస్తుంది. లోపల కళాయి పూత లేని ఇత్తడిలో కాఫీ పెడితే రాగి, జింకు కాఫీలోకి దిగుతాయి, కిలుం పడుతుంది, వికారం కూడా రావచ్చు. కాబట్టి కళాయి ఉన్నదే తీసుకోవాలి, అరిగినప్పుడు మళ్లీ వేయించుకోవాలి. మా చిన్నప్పుడు "కళాయి... కళాయి..." అంటూ వీధిలోకి వచ్చేవారు. ఇప్పుడు కళాయి వేసే మనిషిని వెతకడమే ఒక పని. మీ ఊళ్లో ఇంకా ఎవరైనా ఉంటే నిరభ్యంతరంగా ఇత్తడి కొనండి. లేకపోతే అది రెండేళ్లలో అటక మీదకి చేరుతుంది. పైగా కళాయి పూత తగరం, అది సుమారు 232 డిగ్రీలకే కరిగిపోతుంది. ఖాళీ గిన్నెని మంట మీద మర్చిపోయారంటే పూత చుక్కలు చుక్కలుగా జారిపోతుంది.

కంచు గ్లాసు తాగడానికి బావుంటుంది. కానీ కిందపడితే పగిలే లోహం అది. పొయ్యి దగ్గరకి తీసుకెళ్లకండి.

## సత్తు (అల్యూమినియం) గిన్నె

చౌక, తేలిక, వేడి చకచకా పాకుతుంది. అయితే పూత లేని సత్తు కూడా పులుపుకి కొద్దికొద్దిగా కరుగుతుంది. రోజూ బ్లాక్ కాఫీ వేడి చేయడానికి నేను వాడను. హార్డ్ అనోడైజ్డ్ రకం నయం, దాని పై పొర గట్టిది. లోపల నల్లగా ఉంటుంది కాబట్టి కాఫీ ఎంత ఉందో, అడుగంటిందో లేదో కనబడదు, అదొక చికాకు.

## ఎనామిల్ మగ్గు

తెల్లటి ఒళ్లు, నీలం అంచు ఉండే పాతకాలం మగ్గు గుర్తుందా? ఇనప రేకు మీద గాజు పూత వేస్తారు. పొయ్యి మీద పెట్టి, అందులోనే తాగగలిగింది నాకు తెలిసి ఇదొక్కటే. పులుపుకి ఏమీ కాదు. ఎస్.కోట మీదుగా అరకు వెళ్లినప్పుడల్లా కాఫీ పొడి తెచ్చుకుని పాలు లేకుండా తాగే మా అప్పకి ఇదే కొనిచ్చాను. ఆవిడకి ప్రాణం.

పాల కాఫీకి మాత్రం పనికిరాదు, రేకు పల్చన కాబట్టి అడుగంటుతుంది. కాడ కూడా కాలుతుంది, మసిగుడ్డ దగ్గర పెట్టుకోవాలి. కిందపడి పూత పెచ్చు లేచిందంటే అక్కడ తుప్పు పడుతుంది. లోపలివైపు పెచ్చు లేస్తే ఇక కలాలు పెట్టుకోవడానికే.

## గాజు, పింగాణీ

పింగాణీ సంగతి మొదట్లోనే చెప్పాను. గాజులో బోరోసిలికేట్ రకం మామూలు గాజుకంటే వేడిని బాగా తట్టుకుంటుంది, వేడికి వ్యాకోచించడం మూడోవంతే. కానీ "మైక్రోవేవ్‌లో వాడొచ్చు" అన్న మాటకి "మంట మీద పెట్టొచ్చు" అని అర్థం కాదు. పెట్టె మీద మంట బొమ్మ వేసి, వాడొచ్చని స్పష్టంగా రాసి ఉంటే తప్ప వద్దు. అలా రాసినవాటికి కూడా జాలీ వేయండి, వేడి గాజుని తడి గట్టు మీద దించకండి.

## నీళ్ల గిన్నెలో గ్లాసు

ఇది ఎవరూ కొట్లో అమ్మని పద్ధతి. డికాషన్ మిగిలిన ఇళ్లలో పెద్దవాళ్లు ఇలాగే చేసేవారు. వెడల్పు గిన్నెలో రెండు మూడు అంగుళాల నీళ్లు కాగనిచ్చి, మంట తగ్గించి, అందులో కాఫీ గ్లాసు పెట్టడం. నీళ్లు వంద డిగ్రీలు దాటవు కాబట్టి లోపలి కాఫీ మరగదు, మాడదు, పొంగదు. వాసన కూడా ఎక్కువ నిలుస్తుంది. అన్ని పద్ధతుల్లోనూ రుచికి ఇదే మేలని ఒప్పుకుంటాను. ఐదారు నిమిషాలు పడుతుంది, గ్యాస్ కాస్త ఎక్కువ అవుతుంది, అంతే. పింగాణీ కప్పుని కూడా ఇలా వేడి చేయొచ్చు, అయితే చన్నీళ్లతోనే మొదలుపెట్టి, అడుగున చిన్న గుడ్డ ముక్క వేయాలి. మరుగుతున్న నీళ్లలో చల్లటి కప్పు పెడితే మళ్లీ టప్.

## ఒక్కచోట చూసుకోవడానికి

| పాత్ర | పాల కాఫీకి | బ్లాక్ కాఫీకి | ఇండక్షన్ మీద | ప్రధాన ఇబ్బంది |
|---|---|---|---|---|
| మందం అడుగు స్టీలు గిన్నె | చాలా బాగు | చాలా బాగు | అడుగుకి అయస్కాంతం అంటితేనే | తాగడానికి వేరే కప్పు |
| స్టీలు గ్లాసు | మాడుతుంది | పరవాలేదు | దాదాపు కుదరదు | అంచు కాలడం, ఒరగడం |
| కళాయి ఉన్న ఇత్తడి | చాలా బాగు | కళాయి బాగుంటేనే | పనిచేయదు | కళాయి వేసేవాళ్లు కరువు |
| సత్తు | బాగు | వద్దు | పనిచేయదు | పులుపుకి కరగడం |
| ఎనామిల్ మగ్గు | మాడుతుంది | చాలా బాగు | అడుగు వెడల్పుంటేనే | పెచ్చులు, కాలే కాడ |
| పింగాణీ | తిన్నగా వద్దు | తిన్నగా వద్దు | పనిచేయదు | పగలడం |
| నీళ్ల గిన్నెలో గ్లాసు | చాలా బాగు | చాలా బాగు | బయటి గిన్నెని బట్టి | సమయం |

## మీరు ఎవరు?

ఇంట్లో నలుగురైదుగురు ఉండి, ఒక్కొక్కరు ఒక్కో టైముకి లేచే ఇల్లయితే అరలీటరు స్టీలు గిన్నె, అంతకంటే ఆలోచించక్కర్లేదు. తూకానికి అమ్మే కొట్లో ఒకే పరిమాణంలో బరువైనది ఏదో అది తీసుకోండి. పాత సామాన్లు మార్చుకుని కొంత తగ్గిస్తారు కూడా.

హాస్టల్లోనో గదిలోనో ఇండక్షన్ మీద బతికే పిల్లలకి ఇబ్బంది వేరు. చాలా ఇండక్షన్ స్టవ్‌లు అడుగు 10 నుంచి 12 సెంటీమీటర్లు లేని పాత్రని గుర్తించవు, కుయ్‌మని ఆగిపోతాయి. కాబట్టి కప్పు, మగ్గు ఆశ వదులుకుని, అడుగు 12 సెంటీమీటర్లున్న, అయస్కాంతం అంటుకునే గిన్నె కొనండి. దాంట్లోనే నూడుల్స్ కూడా అవుతాయి. ఎలక్ట్రిక్ కెటిల్‌లో పాల కాఫీ వేడి చేసే ఆలోచన మాత్రం చేయకండి. మా మేనల్లుడు చేశాడు, ఆ కెటిల్ ఇప్పటికీ పాల కోవా వాసన వేస్తోంది.

ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకి, ముఖ్యంగా చేతులు వణికేవాళ్లకి, పటకారుతో గ్లాసు దించే పద్ధతి మాన్పించండి. రెండు పక్కలా చెవులున్న చిన్న గిన్నె కంటే ఒక పొడుగు కాడ ఉన్న, తూలని తేలిక గిన్నె నయం. కాడ గోడవైపు తిప్పి పెట్టమనండి. పొయ్యి మీద పెట్టి మర్చిపోయే అలవాటుంటే నీళ్ల గిన్నె పద్ధతి. నీళ్లు ఇగిరేదాకా టైముంటుంది, ఈలోపు ఎవరో ఒకరు చూస్తారు.

రోజూ ఫిల్టర్ కాఫీ తాగేవాళ్లకి అసలు పాత్ర కంటే అలవాటు మార్చుకోవడం సులువు. డికాషన్, పాలు విడివిడిగా ఉంచుకుని, పాలు మాత్రం కాచి, డికాషన్ తాగేముందు కలుపుకోండి. అప్పుడు ఏ గిన్నె అయినా ఒకటే.

ఇన్ని చెప్పినా ఏదో ఒక రోజు అడుగు మాడుతుంది, నాకూ మాడుతుంది. స్టీలు గిన్నె అయితే గీకొద్దు. అడుగు మునిగేలా నీళ్లు పోసి, చెంచాడు వంటసోడా వేసి రెండు నిమిషాలు మరిగించి వదిలేయండి, సాయంత్రానికి మాడు పొరలా లేచి వస్తుంది. నీలం మరకలకి నిమ్మచెక్క రుద్దితే చాలు. ఇత్తడికి చింతపండు ఉండనే ఉంది. కాకపోతే పైపైనే తోమండి, లోపలి కళాయికి తగలనివ్వద్దు.